ఇంజిన్ ఆగాక గగారిన్ ఎందుకు కింద పడలేదు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. తొమ్మిదో తరగతి చదివే మీ బాబు మొట్టమొదటి వ్యోమగామి యూరీ గగారిన్ మీద స్కూల్ ప్రాజెక్టు చేస్తున్నాడు. "రాకెట్ ఇంజిన్ ఆగిపోయాక కూడా ఆయన కింద పడకుండా భూమి చుట్టూ ఎలా తిరిగాడు? అక్కడ గురుత్వాకర్షణ ఉండదా? ఉండకపోతే మళ్ళీ కిందికి ఎలా వచ్చాడు?" అని మిమ్మల్ని అడిగాడు. దానికి తోడు మీ సొంత సందేహం ఒకటి: కంప్యూటర్లు సరిగా లేని 1961లో మనిషిని పైకి పంపి ప్రాణాలతో ఎలా దించగలిగారు?

నేను సూళ్ళూరుపేట దగ్గర ఒక జూనియర్ కాలేజీలో 28 ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మీ బాబు అడిగిన ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారు. అడిగిన ప్రతిసారీ నాకు సంతోషంగానే ఉండేది, ఎందుకంటే అంతరిక్ష ప్రయాణంలో అసలు విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ముందు సూటిగా జవాబు. గగారిన్ పడుతూనే ఉన్నాడు. గురుత్వాకర్షణ అక్కడా ఉంది. ఆయన ఎగిరిన ఎత్తులో, నేల మీద ఉన్నదాంట్లో 90 శాతానికి పైనే ఉంది. కానీ ఆయన సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా దూసుకుపోతున్నాడు. ఆయన ఎంత కిందికి పడుతున్నాడో, గుండ్రంగా ఉన్న భూమి కూడా అంతే కిందికి వంగిపోతోంది. అందుకే ఎంత పడినా నేల తగల్లేదు. తిరిగి రావాలంటే ఆ వేగాన్ని కాస్త తగ్గిస్తే చాలు, మిగతా పని గాలి చూసుకుంటుంది. కంప్యూటర్ల సంగతి చివర్లో చెప్తాను.

ఇప్పుడు వివరంగా.

మా ఊళ్ళో ప్రయోగం ఉన్న రోజు క్లాసు జరిగేది కాదు. అందరం డాబా మీదే. పులికాట్ సరస్సుకి అవతల, దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో శ్రీహరికోట. ముందు నిశ్శబ్దంగా ఒక వెలుగు లేస్తుంది. సుమారు నిమిషం తర్వాత గానీ శబ్దం రాదు, వచ్చాక కిటికీ అద్దాలు అదురుతాయి. ఈలోగా రాకెట్ నిలువుగా వెళ్ళడం మానేసి సముద్రం వైపు వాలుతుంది. కొత్తగా చేరిన పిల్లల్లో ఎవరో ఒకరు టెన్షన్‌తో నా చెయ్యి పట్టుకునేవారు. "సార్, వంగిపోతోంది. పడిపోతుందా?"

అలా వంగకపోతేనే పడిపోతుంది. రాకెట్ మొదట నిలువుగా లేచేది దట్టమైన గాలిని త్వరగా దాటడానికి. ఆ తర్వాత దాని పనంతా పక్కకి పరుగెత్తడమే. మీ బాబు ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతాది తనంతట తనే అల్లుకుపోతాడు: అంతరిక్షంలో నిలవాలంటే ఎత్తు కంటే వేగం ముఖ్యం.

దీన్ని న్యూటన్ మూడు వందల ఏళ్ళ కిందటే ఊహించాడు. చాలా ఎత్తైన కొండ మీద ఫిరంగి పెట్టి గుండుని అడ్డంగా పేల్చామనుకోండి. నెమ్మదిగా పేలిస్తే దగ్గర్లో పడుతుంది. గట్టిగా పేలిస్తే దూరంగా పడుతుంది. ఇంకా ఇంకా గట్టిగా పేలిస్తే? ఇక్కడ రెండు అంకెలు చూడండి. ఏ వస్తువునైనా వదిలేస్తే మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు పడుతుంది. భూమి గుండ్రంగా ఉండడం వల్ల, 8 కిలోమీటర్లు తిన్నగా ముందుకెళ్తే నేల సుమారు 5 మీటర్లు కిందికి దిగిపోయి ఉంటుంది. అంటే గుండు ఒక సెకనులో 8 కిలోమీటర్లు వెళ్ళగలిగితే, అది పడిన 5 మీటర్లూ, నేల దిగిన 5 మీటర్లూ సరిపోతాయి. నేలకీ గుండుకీ మధ్య దూరం మారదు. రెండో సెకనులోనూ అంతే, మూడో సెకనులోనూ అంతే. కచ్చితంగా చెప్పాలంటే ఆ వేగం సెకనుకు 7.9 కిలోమీటర్లు. గాలి అడ్డు లేకపోతే ఆ గుండు తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ అక్కర్లేదు.

నేల దగ్గర గాలి ఉంది కాబట్టి ఆ గాలి పల్చబడేదాకా పైకి వెళ్ళి అక్కడ పరుగెత్తాలి. ఎత్తు అవసరమైంది అందుకే.

ఈ వేగం ఎంతటిదో పిల్లలకి తెలియడానికి నేను ఊళ్ళ పేర్లతో చెప్పేవాణ్ణి. ఆ లెక్కన హైదరాబాద్ నుంచి విజయవాడ 35 సెకన్లు. బస్టాండులో టికెట్‌కి చిల్లర ఇచ్చేలోపు ఊరొచ్చేస్తుంది.

ఇక బరువు లేకపోవడం గురించి. ఒకప్పుడు ఒక పరీక్షల గైడులో "అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదు కాబట్టి వ్యోమగాములు తేలుతారు" అని అచ్చయి ఉండేది. పిల్లలు దాన్ని బట్టీపట్టి రాసేవారు. నేను మార్కులు తగ్గిస్తే, తల్లిదండ్రులు ఆ పుస్తకం తెచ్చి నా ముందు తెరిచేవారు. వాళ్ళకి నేను చెప్పింది ఒక్కటే. చంద్రుడు 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అంత దూరంలో ఉన్న చంద్రుణ్ణే వదలకుండా పట్టుకున్న భూమి, 200, 300 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న మనిషిని వదిలేస్తుందా?

తేలడానికి కారణం వేరు. జాతరలో జెయింట్ వీల్ పై నుంచి కిందికి దిగేటప్పుడు కడుపులో ఖాళీ అయినట్టు అనిపిస్తుంది కదా, అదే. మనమూ, మన కింద ఉన్న సీటూ ఒకే వేగంతో పడుతుంటే, సీటు మనల్ని మోయదు. మోసేది లేకపోతే బరువు తెలియదు. గగారిన్, ఆయన కుర్చీ, ఆయన చేతిలో పెన్సిలు అన్నీ కలిసి పడుతున్నాయి. ఆయన తిరిగొచ్చాక ఇచ్చిన నివేదికలో ఆ పెన్సిలు సంగతి ఉంది. పెన్సిల్ని కట్టి ఉంచిన చిన్న స్క్రూ ఊడిపోయింది. పెన్సిలు గాల్లో తేలుతూ ఎటో వెళ్ళిపోయింది. ఇక రాయడానికి ఏమీ లేక పుస్తకం మూసేసి, చూసినవన్నీ టేప్ రికార్డర్‌లో చెప్పుకుంటూ పోయాడు. మనిషి మొదటిసారి కక్ష్యలోకి వెళ్ళి పోగొట్టుకున్న మొదటి వస్తువు ఒక పెన్సిలు. నాకు ఆ ప్రయాణం మొత్తంలో ఎంతో ఇష్టమైన వివరం ఇది.

ఎత్తుకీ వేగానికీ ఉన్న తేడాని అదే ఏడాది చరిత్రే చూపించింది. 1961 ఏప్రిల్ 12న గగారిన్ వెళ్ళొచ్చాడు. మే 5న అమెరికా వ్యోమగామి అలన్ షెపర్డ్ వెళ్ళాడు. షెపర్డ్ 187 కిలోమీటర్ల ఎత్తుకి చేరాడు, గగారిన్ కక్ష్యలో అన్నిటికంటే తక్కువ ఎత్తుకి ఇంచుమించు సమానం. కానీ షెపర్డ్ ప్రయాణం 15 నిమిషాల్లో ముగిసింది. ఆయన రాకెట్ అందించిన వేగం సెకనుకు రెండు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. బాగా పైకి విసిరిన బంతిలా లేచి, అట్లాంటిక్ సముద్రంలో దిగాడు. మన గుంటూరు ప్రాంతపు మూలాలున్న బండ్ల శిరీష 2021 జులై 11న చేసిన ప్రయాణం కూడా ఈ కోవలోదే. ఆమె కొన్ని నిమిషాలు బరువు లేని స్థితిని అనుభవించారు, భూమి గుండ్రదనాన్ని చూశారు, కానీ అది కక్ష్య కాదు. ఈ మాట చెప్తే కొందరు చిన్నబుచ్చుకుంటారు. చిన్నబుచ్చుకోవాల్సిందేమీ లేదు, షెపర్డ్ చేసిందీ అదే, ఆ ధైర్యం ధైర్యమే. భౌతికశాస్త్రం దృష్టిలో మాత్రం అలా పైకి లేచి దిగడమూ, కక్ష్యలో తిరగడమూ వేర్వేరు పనులు.

ఎంత వేరో లెక్క చూడండి. ఒక కిలో వస్తువుని 100 కిలోమీటర్ల ఎత్తుకి ఎత్తడానికి కావలసిన శక్తి సుమారు 10 లక్షల జౌల్స్. అదే కిలోకి సెకనుకు 7.9 కిలోమీటర్ల వేగం ఇవ్వడానికి సుమారు 3 కోట్ల 10 లక్షల జౌల్స్ కావాలి. ముప్ఫై రెట్లు. మీ బాబు ఇంటర్‌కి వచ్చాక ఈ లెక్క తనే వేసుకోగలడు, రెండు చిన్న సూత్రాలు చాలు.

ఆ ముప్ఫై రెట్ల కోసం పడిన పాట్లే తొలినాళ్ళ రాకెట్ చరిత్ర. చరిత్ర మొత్తం రాస్తే గ్రంథమవుతుంది, ప్రాజెక్టుకి పనికొచ్చే ముక్కలు మాత్రం చెప్తాను.

మొదట చెప్పుకోవాల్సింది కాన్‌స్టాంటిన్ సియొల్‌కోవ్‌స్కీ గురించి. రష్యాలో కలుగా అనే ఊళ్ళో బడిపంతులు. చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి దాదాపు పోయింది. బడిలో లెక్కలు చెప్తూ, ఇంటి దగ్గర కూర్చుని, రాకెట్‌తో గ్రహాల మధ్యకి వెళ్ళొచ్చని 1903లో లెక్కలతో సహా అచ్చు వేశాడు. ఆయన చూపించిన చిక్కు ఇది: రాకెట్ తన ఇంధనాన్ని తనే మోయాలి. ఆ ఇంధనాన్ని మోయడానికి మరికొంత ఇంధనం, దాన్ని మోయడానికి ఇంకొంత. వేగం కాస్త పెంచాలంటే బరువు ఎన్నో రెట్లు పెరుగుతుంది. గగారిన్ రాకెట్ నేల మీద నుంచి లేచినప్పుడు 280 టన్నులు దాటి ఉంది. అందులో ఆయన కూర్చున్న వోస్తోక్ నౌక 4,725 కిలోలు, అంటే వందలో రెండు వంతులు కూడా లేదు. తక్కినదాంట్లో చాలా భాగం కిరోసిన్, ద్రవ ఆక్సిజన్. ఖాళీ అయిన ట్యాంకుల్ని మోస్తూ పోవడం దండగ కాబట్టి దారిలో వదిలేస్తూ పోవాలి. రాకెట్‌కి దశలు ఉండేది ఇందుకే. దశల ఉపయోగాన్ని లెక్కగట్టి చూపించినవాళ్ళలోనూ ఈ పంతులు ఉన్నాడు. నేనూ బడిలో పాఠం చెప్పుకున్నవాణ్ణే కాబట్టి ఆయన పేరెత్తితే నా గొంతు మారుతుందని పిల్లలు అనేవారు.

అమెరికాలో రాబర్ట్ గొడార్డ్ 1926 మార్చి 16న ఒక పొలంలో ద్రవ ఇంధనంతో తొలి రాకెట్ ఎగరేశాడు. రెండున్నర సెకన్లు ఎగిరింది, పన్నెండు మీటర్లు లేచింది. మన కొబ్బరిచెట్టంత ఎత్తు. అక్కడి నుంచి పదహారేళ్ళకి జర్మనీ తయారుచేసిన వీ-2 రాకెట్ అంతరిక్షపు అంచుదాకా వెళ్ళింది. అది లండన్ మీదా, ఆంట్‌వెర్ప్ మీదా బాంబులు వేయడానికి చేసింది. దాని తయారీలో నిర్బంధ శిబిరాల ఖైదీలు వేలమంది చచ్చిపోయారు. ప్రాజెక్టులో వీ-2 బొమ్మ పెడితే ఈ మాట కూడా రాయమనండి. యుద్ధం అయ్యాక ఆ పరిజ్ఞానాన్ని అమెరికా, సోవియట్ యూనియన్ పంచుకుపోయాయి.

సోవియట్ వైపు అంతా నడిపించినవాడు సెర్గేయ్ కొరొల్యోవ్. స్టాలిన్ కాలంలో తప్పుడు ఆరోపణల మీద కోలిమా బంగారు గనుల శిబిరానికి పంపితే చావు తప్పి బయటపడిన మనిషి. ఆయన తయారుచేసిన ఆర్-7 రాకెట్ నిజానికి హైడ్రోజన్ బాంబుని అమెరికా దాకా మోయడానికి. సోవియట్ బాంబు బరువెక్కువ, అందుకని రాకెట్ పెద్దది కావలసొచ్చింది. అమెరికా వాళ్ళ బాంబులు తేలికయ్యాయి, రాకెట్లూ చిన్నవయ్యాయి. ఆ బరువైన బాంబు వల్లే మనిషిని మోయగల రాకెట్ సోవియట్ల చేతిలో ముందుగా ఉంది. అదే రాకెట్ 1957 అక్టోబర్ 4న స్పుత్నిక్‌ని పైకి పంపింది. 58 సెంటీమీటర్ల గోళం, 83.6 కిలోలు, 96 నిమిషాలకోసారి భూమి చుట్టూ ఒక ప్రదక్షిణ. కొరొల్యోవ్ పేరు మాత్రం 1966లో ఆయన చనిపోయేదాకా ప్రపంచానికి తెలియనివ్వలేదు. పత్రికల్లో 'ప్రధాన రూపకర్త' అని మాత్రమే రాసేవారు.

నెల తిరగకుండానే, నవంబర్ 3న, లైకా అనే కుక్క వెళ్ళింది. అది వారం రోజులు బతికిందని చాలాకాలం చెప్పారు. నిజానికి వేడి తట్టుకోలేక కొన్ని గంటల్లోనే చనిపోయింది. దాన్ని తిరిగి తెచ్చే ఏర్పాటే ఆ నౌకలో లేదు, ఎందుకంటే అప్పటికి తిరిగి తేవడం ఎవరికీ చేతకాదు.

ఇక్కడ ఆగి మీ రెండో ప్రశ్నకి వస్తాను, ఎందుకంటే పంపడం కంటే దించడం కష్టం, ఈ సంగతి పుస్తకాల్లో తగినంతగా రాయరు. పైకి వెళ్ళేటప్పుడు ఒక్కో కిలోకి 3 కోట్ల జౌల్స్ పోశాం కదా, దిగేటప్పుడు ఆ శక్తినంతా ఎక్కడో పారబోయాలి. ఆ ఒక్క కిలో మోస్తున్న శక్తితో ఇరవై కిలోల ఇనుము కరిగించవచ్చు. మళ్ళీ రాకెట్ ఇంజిన్‌తోనే ఆపాలంటే, వెళ్ళేటప్పుడు ఉన్నంత పెద్ద రాకెట్ కక్ష్యలో ఉండాలి. అది కుదరదు. అందుకని వేగాన్ని కొద్దిగా తగ్గించి, దారిని గాలిలోకి వంచి, గాలి చేతే బ్రేకు వేయిస్తారు. గాలి నొక్కుకుపోయి వేల డిగ్రీలకి వేడెక్కుతుంది. నౌక పైపూత కాలి, బూడిదై రాలిపోతూ ఆ వేడిని తనతో తీసుకుపోతుంది.

మాటల్లో సులువుగానే ఉంది. 1960 మే 15న మనిషి లేకుండా పంపిన మొదటి పరీక్షనౌక ఏం చేసిందో చూడండి. బ్రేకు ఇంజిన్ మండే సమయానికి నౌక తప్పు దిశలో తిరిగి ఉంది. దాంతో వేగం తగ్గడానికి బదులు పెరిగింది, నౌక ఇంకా పై కక్ష్యలోకి వెళ్ళిపోయింది. జులైలో రెండు కుక్కలతో బయల్దేరిన రాకెట్ అర నిమిషం లోపే పేలిపోయింది. ఆగస్టు 19న బెల్కా, స్ట్రెల్కా అనే కుక్కలు వెళ్ళి, మర్నాడు క్షేమంగా దిగాయి. కక్ష్యలోకి వెళ్ళి ప్రాణాలతో తిరిగొచ్చిన మొదటి కుక్కలు అవే. కానీ నాలుగో చుట్టులో బెల్కా వాంతి చేసుకుని గింజుకుంది. గగారిన్‌కి ఒక్క చుట్టు చాలని నిర్ణయించడానికి అదీ ఒక కారణం. డిసెంబర్ 1న వెళ్ళిన రెండు కుక్కలు దిగేటప్పుడు పోయాయి. అదే నెల 22న పై దశ ఇంజిన్ చెడి, నౌక సైబీరియా మంచులో పడింది, అందులోని కుక్కలు బతికాయి. 1961 మార్చిలో వరసగా రెండు ప్రయోగాలు సవ్యంగా జరిగాయి. మొత్తం ఏడింట్లో మూడు సక్రమం. ఆ లెక్క తెలిసే గగారిన్ ఎక్కి కూర్చున్నాడు. అప్పటికి ఆయనకి 27 ఏళ్ళు, ఇంట్లో ఇద్దరు చిన్న ఆడపిల్లలు.

ఇప్పుడు గగారిన్ ప్రయాణం సాగిన ఆ 108 నిమిషాల సంగతి.

ఉదయం ఆయన్ని లోపల కూర్చోబెట్టి తలుపు బిగించాక, తలుపు సరిగా మూసుకుందని చెప్పే చిన్న స్విచ్చు ఒకటి పలకలేదు. పనివాళ్ళు ముప్ఫై దాకా ఉన్న నట్లన్నీ మళ్ళీ విప్పి, స్విచ్చు సరిచేసి, మళ్ళీ బిగించారు. గగారిన్ లోపల ఈలపాట పాడుకుంటూ కూర్చున్నాడు. మాస్కో సమయం 9 గంటల 7 నిమిషాలకి రాకెట్ లేచింది. "పయేఖలి" అన్నాడు, బయల్దేరాం అని. సుమారు 11 నిమిషాలకి చివరి దశ ఆగిపోయింది. మీ బాబు అడిగింది ఈ క్షణం గురించే. ఇక్కడి నుంచి ఇంజిన్ లేదు, పడటమే.

చివరి దశల్లో ఇంజిన్ కాస్త ఆలస్యంగా ఆగడంతో నౌక అనుకున్న 230 కిలోమీటర్లకి బదులు 327 కిలోమీటర్ల దాకా లేచింది. బ్రేకు ఇంజిన్ పనిచేయకపోతే గాలి రాపిడికి తనంతట తనే పది రోజుల్లో దిగిపోతుందని లెక్కవేసి, పది రోజుల తిండి పెట్టారు. ఎత్తు పెరిగేసరికి ఆ లెక్క తప్పింది. బ్రేకు ఇంజిన్ పనిచేసి తీరాలి.

పనిచేసింది. 10 గంటల 25 నిమిషాలకి, ఆఫ్రికా మీద ఉండగా, దిగాల్సిన చోటికి 8,000 కిలోమీటర్ల ముందే అది 40 సెకన్ల పైన మండింది. తగ్గించిన వేగం సెకనుకు 130 మీటర్ల చుట్టుపక్కల. దాదాపు 7,800లో 130 తీసేస్తే చాలు, దారి వంగి గాలిలోకి దిగుతుంది. మొత్తం 108 నిమిషాల్లో ఇంజిన్లు మండింది 12 నిమిషాలే. ఈ వాక్యం ప్రాజెక్టులో పెద్దక్షరాలతో రాయమనండి.

తర్వాత జరిగింది భయం పుట్టించే సంగతి. గగారిన్ ఉన్న గోళం, వెనక ఇంజిన్ ఉన్న భాగం వెంటనే విడిపోవాలి. విడిపోలేదు. తీగల కట్ట ఒకటి రెండిటినీ పట్టుకుని ఉండిపోయింది. రెండూ కలిసి గిరగిరా తిరుగుతూ పది నిమిషాలు పోయాయి. చివరికి గాలి వేడికి ఆ తీగలు కాలి తెగిపోయాయి. గోళం విడిపోగానే దానంతట అదే సర్దుకుంది. అది గుండ్రంగా చేయడంలోని తెలివి ఇక్కడ తెలుస్తుంది. బరువంతా ఒక వైపున ఉండేలా అమర్చారు. అడుగున మట్టి పెట్టిన తంజావూరు బొమ్మ ఎటు తోసినా నిటారుగా నిలబడినట్టు, ఆ గోళం బరువైన వైపుని ముందుకి తిప్పుకుంటుంది. దానికి మోటారూ అక్కర్లేదు, కంప్యూటరూ అక్కర్లేదు. కిటికీ బయట ఎర్రటి మంట, చిటపటమని శబ్దం. ఒంటి మీద బరువు ఎనిమిది రెట్లు దాటింది, ఒక దశలో కళ్ళు మసకబారాయి.

7 కిలోమీటర్ల ఎత్తులో తలుపు ఎగిరిపోయి, కుర్చీతో సహా గగారిన్ బయటికి వచ్చాడు. నేలని తాకేటప్పుడు గోళానికి తగిలే దెబ్బ మనిషి తట్టుకునేది కాదని ముందే అలా ఏర్పాటు చేశారు. గోళం ఒక పారాచూట్‌తో, ఆయన వేరే పారాచూట్‌తో దిగారు. ఇది చాలా ఏళ్ళు దాచిపెట్టారు. నౌకతో పాటే దిగితేనే రికార్డుగా లెక్కించే నియమం అప్పట్లో ఉండేది. దిగేటప్పుడు ఆయన దుస్తుల్లో గాలి పీల్చుకునే కవాటం ఇరుక్కుపోతే కొన్ని నిమిషాలు దాంతో పెనుగులాడాడు. వోల్గా నది దగ్గర, సరాతొవ్ ప్రాంతంలో, పొలంలో దిగాడు. నారింజ రంగు దుస్తులు, తెల్లటి హెల్మెట్. అక్కడ పనిలో ఉన్న ఒక పెద్దావిడ, ఆమె మనవరాలు ఆయన్ని చూసి భయపడి వెనక్కి జరిగారు. నేనూ మీవాణ్ణే అని చెప్పి, ఫోన్ ఎక్కడుందని అడిగాడు.

కంప్యూటర్ల సంగతి. వోస్తోక్‌లో ఇప్పటి అర్థంలో కంప్యూటర్ లేదు. ఏ సెకనుకి ఏ స్విచ్చు పడాలో ముందే అమర్చిన టైమర్ లాంటి యంత్రం ఉంది. సూర్యుణ్ణి వెతికి నౌకని సరైన దిశకి తిప్పే సెన్సర్ ఉంది. గగారిన్ ముందు 'గ్లోబస్' అని ఒక చిన్న భూగోళం, గడియారంలో ఉండేలాంటి పళ్ళచక్రాలతో నెమ్మదిగా తిరుగుతూ తాను ఎక్కడున్నాడో చూపించేది. లెక్కలన్నీ నేల మీదే ముందుగా చేసి పెట్టారు. కక్ష్య దారి ఒకసారి తెలిస్తే అది మారదు కాబట్టి అలా కుదిరింది. ఒక్క సెకను పొరపాటుకి దిగే చోటు 8 కిలోమీటర్లు జరుగుతుంది, అంతే తేడా.

చేత్తో నడిపే ఏర్పాటూ ఉంది గానీ దానికి తాళం వేశారు. బరువు లేని స్థితిలో మనిషికి మతి చలిస్తుందేమోనని డాక్టర్ల భయం. తాళం తీసే మూడంకెల సంఖ్యని కవరులో పెట్టి అతికించారు, కవరు తీసి చదవగలిగితే మతి సరిగా ఉన్నట్టే. ఆ సంఖ్య 125. బయల్దేరే ముందే ఒకరిద్దరు ఆయన చెవిలో చెప్పేశారు.

అమెరికా వైపు కంప్యూటర్లు ఉన్నాయి, కానీ వాటి మీద పూర్తి నమ్మకం లేదు. 1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ భూమిని మూడుసార్లు చుట్టి రావాల్సి ఉంది. కంప్యూటర్ ఇచ్చిన అంకెల్ని కాథరిన్ జాన్సన్ అనే గణితవేత్త చేత సరిచూయించమని ఆయన పట్టుబట్టాడు. ఆమె బల్ల మీది లెక్కల యంత్రంతో ఒకటిన్నర రోజు కూర్చుని ఆ అంకెలన్నీ మళ్ళీ వేసింది. సరిపోయాయని ఆమె చెప్పాకే గ్లెన్ ఎక్కాడు.

ఒక హెచ్చరిక. గగారిన్ వెళ్ళొచ్చాడు కాబట్టి దించడం అనే సమస్య తీరిపోయిందని అనుకోకండి. 1967లో సోవియట్ వ్యోమగామి కొమరోవ్ పారాచూట్ తెరుచుకోక నేలకి గుద్దుకుని చనిపోయాడు. 1971లో ముగ్గురు సోవియట్ వ్యోమగాములు దిగే దారిలో కవాటం తెరుచుకుని, గాలి పోయి, కూర్చున్నచోటే ప్రాణాలు వదిలారు. 2003లో కల్పనా చావ్లా, మరో ఆరుగురు పోయింది కూడా తిరుగుదారిలోనే. హైదరాబాద్‌లో నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న ఆర్-7 కుటుంబానికే చెందిన రాకెట్ మీద వెళ్ళి, దాదాపు ఎనిమిది రోజులకి క్షేమంగా దిగారు. ఆయన వెళ్ళడాన్ని మనవాళ్ళు బాగా గుర్తుపెట్టుకున్నారు. నా దృష్టిలో ఆయన దిగిన రోజు కూడా అంతే గుర్తుంచుకోదగ్గది.

ఇక ప్రాజెక్టు. రాకెట్ దారిని నిలువు గీతలా గీయొద్దనండి. కాస్త పైకి లేచి, వంగి, భూమికి సమాంతరంగా సాగాలి. దిశ తూర్పు వైపు, ఎందుకంటే భూమి తూర్పుకే తిరుగుతోంది కాబట్టి ఆ వేగం ఉచితంగా కలుస్తుంది. శ్రీహరికోట దగ్గర అది సెకనుకు 450 మీటర్ల దాకా, గగారిన్ బయల్దేరిన బైకనూర్ దగ్గర 320 మీటర్ల దాకా.

ప్రయోగం కావాలంటే ఒకటి చెప్తాను, దీన్ని ఏటా పిల్లలతో చేయించేవాణ్ణి. లీటరు ప్లాస్టిక్ సీసాకి అడుగు దగ్గర పక్కగా కాల్చిన మేకుతో చిల్లు పెట్టండి. మీరే కాల్చి పెట్టండి, బాబుకి ఇవ్వొద్దు. నీళ్ళు నింపి మూత తీసి పట్టుకుంటే చిల్లులోంచి ధార కడుతుంది. మీరు మొదటి అంతస్తు నుంచి సీసాని వదలండి, బాబుని కింద కాస్త దూరంగా నిలబడి సెల్‌ఫోన్‌లో స్లో మోషన్‌లో తీయమనండి. సీసా పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది, నీళ్ళు లోపలే ఉండిపోతాయి. అక్కడ గురుత్వాకర్షణ ఎక్కడికీ పోలేదు, సీసా మీ వాకిట్లోనే ఉంది. చిల్లు మరీ సన్నగా ఉంటే ధార వీడియోలో కనపడదు, పెన్సిల్ మందం ఉండేలా చూసుకోండి.